బోర్డు కింద నిలబడ్డవాళ్లం

మా ఇంటి వరండాలో ఒక ‘శ్రీ’ ఉంది. నాలుగడుగుల ఎత్తు, ఇనుప రేకుతో చేసినది. ఇంటికి వచ్చినవాళ్లు ఏ గుడి నుంచి తెచ్చారని అడుగుతారు. గుడిది కాదు, వరంగల్ స్టేషన్ రోడ్డుకు దగ్గరలో ఉండిన ఒక పాత టాకీసుది. ఆ టాకీసు పేరు రాయవద్దని యజమానుల కుటుంబం కోరింది కనుక రాయడం లేదు. మా ఊరి పాతవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

రెండేళ్ల కిందట, సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన వారం అది. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తుంటే టాకీసు ముందు గోడకు నిచ్చెనలు కనిపించాయి. పైన ఇద్దరు కుర్రవాళ్లు గ్యాస్ కట్టర్‌తో పేరులోని ఆఖరి అక్షరాన్ని కోస్తున్నారు. ఆటో ఆపించి దిగాను. నేను ఆ టాకీసులో సినిమా చూసి పాతికేళ్లయింది. అయినా ఆ అక్షరం కింద పడిన చప్పుడుకు ఒళ్లు జలదరించింది. మేస్త్రీ దగ్గరికి వెళ్లి అక్షరాలు నాకు ఇస్తారా అని అడిగాను. “అమ్మా, నిన్ననే పాత ఇనుము కింద బేరం అయిపోయింది, రాత్రికి లారీ వస్తుంది” అన్నాడు. ఏ దుకాణానికి వెళ్తుందో చెప్పాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి అక్కడికి వెళ్లేసరికి మిగతా అక్షరాలన్నిటినీ సమ్మెటలతో చదును చేసి ఒక దొంతరగా పేర్చేశారు. శ్రీ మాత్రం అలాగే నిలబడి ఉంది. దాన్ని వంచలేకపోయామని దుకాణం పిల్లవాడు చెప్పాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. మిగతా అక్షరాలు ఒకే రేకులో కోసినవి. శ్రీలో శకారం ఒక ముక్క, గుడిదీర్ఘం ఒక ముక్క, చుట్టూ తిరిగి వచ్చే క్రారవడి ఇంకొక ముక్క. మూడింటినీ కలపడానికి వెనుక ఇనుప బద్దీలతో చట్రం కట్టారు. పలకలో రాయడానికి పిల్లలు ఏడ్చే అక్షరమే సమ్మెటకు లొంగలేదు. కిలో 32 రూపాయల చొప్పున 11 కిలోలకు 352 రూపాయలు ఇచ్చి ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ పని అక్కడ మొదలైంది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాత టాకీసుల, బార్ల, పాటలు, నాటకాలు జరిగిన చోట్ల బోర్డులను వెతకడం, దొరికినవాటిని కొలిచి ఫొటో తీయడం, దొరకనివాటిని తెలిసినవాళ్ల మాటల్లోంచి రాసుకోవడం. ఇప్పటికి రెండు నోటుపుస్తకాలు నిండాయి.

మొదట శ్రీనే శుభ్రం చేశాను. అంతా తోమేద్దామనుకుని, ఎందుకో ఆగి, కింది అంచున బొటనవేలంత మేర మాత్రం ఉప్పుకాగితాన్ని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దాను. పైన వెండి రంగు. దాని కింద ఎరుపు. ఎరుపు కింద ముదురు నీలం. అన్నిటికన్నా అడుగున తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్. అంచు వెంట లెక్కపెడితే పద్నాలుగు రంధ్రాలు, ఒక్కొక్కటి బల్బు హోల్డర్ పట్టేటంత. నాకు తెలిసిన టాకీసుది వెండి రంగు ఒక్కటే. ఎరుపు మా అమ్మ కాలానిది. నీలం ఎవరి కాలానిదో చెప్పగలిగే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఆ మనిషి గిర్మాజీపేటలో ఒక గోడ మీద దొరికాడు. మూతపడిన కిరాణా కొట్టు పేరు కింద, కుడి మూలన, అగ్గిపుల్లంత పొడవున పెయింటర్ సంతకం ఉంది. నలుగురిని అడిగితే కరీమాబాద్‌లో ఉంటారని చెప్పారు. డెబ్బై దాటిన పెద్దాయన. ఇప్పుడు బండ్ల నంబర్లు, గుడి రథాలకు రంగులు, అంతే. మిగతా పనంతా ఫ్లెక్సీ మిషన్లు తీసుకుపోయాయి. నేను “తాతా” అని పిలిస్తే, “నీ తల వెంట్రుకలు కూడా తెల్లబడుతున్నాయి బిడ్డా, అన్న అను చాలు” అన్నారు. అప్పటి నుంచి అన్నా అనే పిలుస్తున్నాను.

ఫొటో చూపిస్తే ఆయన రంగులను పుస్తకం చదివినట్టు చదివారు. నీలం బల్బుల కాలానిది. పసుపు వెలుగు కింద ముదురు నీలం రాత్రిలో కలిసిపోయి బల్బుల వరుస మాత్రమే తేలి కనిపిస్తుంది. ఎరుపు నియాన్ గొట్టాలు బిగించినప్పటిది. గాజు గొట్టంలో నియాన్ వాయువు ఒక్కటే నింపితే నారింజ కలిసిన ఎరుపులో వెలుగుతుంది. నీలం కావాలంటే ఆర్గాన్ వాయువులో కాస్త పాదరసం కలపాలి. ఏ రంగు గొట్టానికైనా వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి కనుక వానాకాలం వస్తే ఆపరేటర్ భయపడుతూ స్విచ్ వేసేవాడట. గొట్టాలు ఒక్కొక్కటే పగిలిపోయాక, కొత్తవి వంచి ఇచ్చేవాళ్లు దొరకక, కింద నుంచి ట్యూబులైట్లు పెట్టి అక్షరాలకు వెండి రంగు కొట్టారు. బొటనవేలంత చోటులో మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నేను అంతా తోమేసి ఉంటే రెండు పోయేవి.

బోర్డు ఎలా రాస్తారో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నూలు దారానికి సుద్ద పొడి పట్టించి, రెండు చివర్లా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే రేకు మీద తెల్లని గీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. ఇంగ్లీషుకు ఆ రెండు చాలు. తెలుగుకు చాలవు. “ముందు ఒత్తులు లెక్క పెట్టాలి, తర్వాతే అక్షరాలు” అంటారు అన్న. పేరులో ఒత్తు ఉందంటే అక్షరం కింద మూడో వంతు చోటు వదలాలి. లేకపోతే ఒత్తు చట్రానికి తగిలి నలిగిపోతుంది. తలకట్టును మాత్రం బ్రష్షు ఎత్తకుండా ఒక్క విసురులో తీయాలట. రాసిన చేయి ఎవరిదో తలకట్టులోనే తెలుస్తుందట. ఆ మాట విన్నాక ఊరంతా తలకట్లే చూస్తూ తిరిగాను. ఆరు చోట్ల ఆయన చేతిని నేను గుర్తుపట్టాను. ఐదు ఆయనవే. ఆరోది ఆయన గురువుదట.

“బార్ల బోర్డులు కూడా రాశారా అన్నా?” అని అడిగాను. రాశారట. రాత్రికి రాత్రి రాసి ఇచ్చేవారట. ఎన్నో, ఎక్కడెక్కడో గుర్తు లేదన్నారు. వాటి కింద సంతకం మాత్రం పెట్టేవారు కాదట. ఇంట్లో తెలిస్తే అవ్వ బాధపడేదని.

ఇక బార్ సంగతి. ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో కూడా.

మా బాపు ఆజం జాహి మిల్లులో పని చేసేవాడు. నిజాం పెద్ద కొడుకు పేరు మీద 1934లో పెట్టిన మిల్లు అది. వరంగల్‌లో సగం వీధులు దాని కూత వినే లేచేవి. మా బాపు నెమ్మదైన మనిషి. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టింది లేదు. కానీ జీతం చేతికి వచ్చిన రోజు ఇంటికి నేరుగా రాలేకపోయేవాడు. మిల్లుకూ మా ఇంటికీ మధ్య ఒక బార్ ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచి ప్రతి జీతాల రోజూ పొద్దుగూకే వేళకు అమ్మ నన్ను అక్కడికి పంపేది. “లోపలికి పోకు బిడ్డా, బోర్డు కింద నిలబడు. ఎవరైనా బయటికి వస్తే మా బాపును పిలవండి అని చెప్పు” అనేది.

కర్ర చట్రానికి రేకు కొట్టిన బోర్డు అది. మీద ఆకుపచ్చ బల్బు ఒకటి. తలుపుకు నల్లటి అద్దం, దాని వెనుక దుప్పటిలాంటి తెర. తలుపు తెరుచుకున్నప్పుడల్లా రేడియో పాట ఒక ముక్క, వేయించిన కారం వాసన ఒక ముక్క బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయేవి. నేను చూడగలిగింది బోర్డు ఒక్కటే కనుక దాన్నే చూసేదాన్ని. దీర్ఘం అంటే ఏమిటో, పొల్లు అంటే ఏమిటో మా పంతులుగారు చెప్పక ముందే ఆ బోర్డు దగ్గర తెలిసింది. ‘బ’కు దీర్ఘం, ‘ర’కు పొల్లు. బాపు బయటికి వచ్చి, నన్ను చూసి, ఏమీ అనకుండా జేబులోని డబ్బు నా చేతిలో పెట్టి వేలు పట్టుకుని నడిచేవాడు. దారిలో మాట్లాడేవాడు కాదు. సిగ్గుపడేవాడని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ బార్‌తో పాటు ఊళ్లోని బార్లన్నీ 1995 జనవరిలో మూతపడ్డాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల నుంచి రాష్ట్రమంతా పాకిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా పోయింది. ఆ తర్వాత ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం పెట్టింది. బోర్డులు దించారు, కొన్నింటికి సున్నం కొట్టారు. 1997లో నిషేధం సడలించాక కొత్త బార్లు కొత్త పేర్లతో వచ్చాయి. మా బోర్డు మళ్లీ రాలేదు. బాపు కూడా అప్పటికి లేడు.

టాకీసు బోర్డు ఫొటో అడిగితే ఎవరి ఇంట్లోనో ఒకరి ఇంట్లో దొరుకుతుంది. పెద్ద హీరో సినిమా వందో రోజు పూలదండ వేసిన కటౌట్ ముందు తీసుకున్నది, వెనుక పేరు కనిపిస్తూ ఉంటుంది. బార్ ముందు నిలబడి ఫొటో తీయించుకున్నవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఆ వీధిలో పెద్దవాళ్లను ఒక్కొక్కరినే అడిగాను. అప్పుడొక సంగతి తెలిసింది. మగవాళ్లు లోపలి విషయాలు చెబుతారు. బల్లలు ఎన్ని, సర్వర్ ఎటువంటివాడు, గుడాల్లో ఉల్లిగడ్డ ఎంత వేసేవాడు, లివర్ ఫ్రై ఎంతకు వచ్చేది, అన్నీ చెబుతారు. బోర్డు ఎలా ఉండేదని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. తల వంచుకుని లోపలికి వెళ్లినవాళ్లకు నెత్తిమీది అక్షరాలు కనిపించలేదు. మా ఈడు ఆడవాళ్లను అడిగితే రంగుతో సహా చెప్పారు. కాశిబుగ్గలో ఒకామె, లేబర్ కాలనీలో ఇద్దరు, నాలాగే జీతాల రోజు బోర్డు కింద నిలబడ్డవాళ్లే. మేము ఒకరినొకరం అంతకు ముందు ఎరగం. కానీ ఆ రోజు చాలాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నాం.

టాకీసుల్లో కూడా ఇంతే. మా అమ్మ తరం వాళ్లకు సినిమా కన్నా ముందు ‘స్త్రీలు’ అన్న బోర్డు గుర్తు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ, ప్రతి తరగతికి ఒక కిటికీ, దాని మీద ఒక చిన్న రేకు. ఆడవాళ్ల వరుసకు ఇనుప చువ్వల సందు. ఆ రేకుల్లో ఒక్కటైనా దొరుకుతుందని ఇనుప సామాను కొట్లన్నీ తిరిగాను కానీ దొరకలేదు.

దొరికింది ఒక గోడ. పాత టాకీసు ప్రహరీలో కూలకుండా మిగిలిన పది అడుగుల ముక్క. వెలిసిపోయిన రాతలను చదవడానికి రెండు ఉపాయాలున్నాయి. పొద్దున ఆరున్నరకు, ఎండ గోడ మీద ఏటవాలుగా పడే వేళకు వెళ్లాలి. రంగు పోయినా దాని మందం మిగులుతుంది, అంచుల నీడ పడి అక్షరం లేస్తుంది. రెండోది నీళ్లు. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో సన్నగా తడిపితే పాత రంగు ముదురుగా మారి సున్నం కింద నుంచి బయటికి వస్తుంది. ఆరేలోపు, అంటే రెండు మూడు నిమిషాల్లో, ఫొటో తీసుకోవాలి. బ్రష్షుతో రుద్దకూడదు, పొర ఊడిపోతుంది. కెమెరా గోడకు ఎదురుగా నిటారుగా ఉండాలి, పక్కన ఒక స్కేలు పెట్టాలి. లేకపోతే తర్వాత అక్షరం కొలత తేలదు. ఇంటివాళ్లను ముందుగా అడగడం అన్నిటికన్నా ముఖ్యం. పొద్దున్నే ఎవరో వచ్చి గోడ తడుపుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

ఆ గోడ మీద మొదట ‘రోజూ 4 ఆటలు’ వచ్చింది. దాని కింద ఒక బాణం గుర్తు. ఇంకా కిందికి తడిపితే ఉర్దూ రాత ఒకటి తేలింది. హైదరాబాద్ రాజ్యం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసేదాకా ఇక్కడ ఆఫీసు, కోర్టు, బడి చాలావరకు ఉర్దూలోనే నడిచాయి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మా ఊరి బోర్డులు మూడు లిపుల్లో ఉండేవి. మా తాత కుడి నుంచి ఎడమకు చదివేవాడు, నేను ఎడమ నుంచి కుడికి చదివేదాన్ని. నాకు ఆ లిపి రాదు కనుక ఫొటోను మండిబజార్‌లో అత్తరు అమ్మే ఒక పెద్దమనిషికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫోను దూరంగా పెట్టుకుని చదివారు. “జనానా” అన్నారు. ఆడవాళ్ల దారి అని. నేను ఊరంతా వెతికిన రేకు దొరకలేదు కానీ, దాని అవ్వలాంటి రాత గోడ మీద దొరికింది. కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్లు తెప్పించారు.

పాటల చోట్ల గురించి నా పుస్తకాల్లో ఉన్నది తక్కువ. మా వైపు పాటకు శాశ్వతమైన బోర్డు అరుదు. కాజీపేట దర్గాలో ఉర్సు రోజుల్లో రాత్రంతా ఖవ్వాలీ సాగుతుంది, దానికి బ్యానరే తప్ప బోర్డు ఉండదు. ఒగ్గు కథకు డోలు చప్పుడే ప్రకటన. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పేరు మీద కళాప్రాంగణం ఉంది. గొంతులనే వృత్తి చేసుకున్న మనిషి పేరు అక్షరాలై కూర్చున్న చోటు కనుక అటు వెళ్లినప్పుడల్లా ఆగి చదువుతాను. కొన్ని పేర్లకు బోర్డు అవసరమే తీరిపోయింది. హనుమకొండలో ‘అలంకార్ దగ్గర దించండి’ అనే పిల్లల్లో ఎంతమందికి అది ఒక సినిమా హాలు పేరని తెలుసు?

కిందటి మాఘమాసంలో పెయింటర్ అన్నను మా ఇంటికి పిలిచాను. శ్రీ వెనుక చట్రం తుప్పు పట్టకుండా రంగు వేయడానికి. పని అయ్యాక నా నోటుపుస్తకం తీసి ఆ బార్ బోర్డు ఎలా ఉండేదో గీసి చూపించబోయాను. నాకు అక్షరాలు గుర్తున్నాయి కానీ వాటి వాటం గుర్తు లేదు. నాలుగుసార్లు గీసి నాలుగుసార్లు కొట్టేశాను.

అరుగు మీద కూర్చున్న మా అమ్మ ఇదంతా చూస్తోంది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నాయి. చదువు రాదు, పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. లేచి లోపలికి వెళ్లి ముగ్గు గిన్నె తెచ్చింది. వాకిట్లో వంగి, చుక్కలు పెట్టకుండానే పొడవుగా ఒక చట్రం గీసింది. అందులో ఒక గుండ్రం, పక్కన పైకి లేచే ఒక వంపు, ఇంకొక గుండ్రం, దాని నెత్తిన పక్కకు సాగిపోయే ఒక తోక. కింద ఒక గీత. తనకు అది బొమ్మ. మాకు అది ‘బార్’.

“నీకెలా తెలుసు అమ్మా?” అన్నాను.

“నిన్ను ఒక్కదాన్ని పంపి ఇంట్లో కూర్చునేదాన్ని అనుకున్నావా? నువ్వు తిరిగి కదిలేదాకా ఎదురు వీధి మూల మీద నిలబడేదాన్ని” అంది. నలభై ఏళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అన్న వాకిట్లోకి దిగి ముగ్గు చుట్టూ నడిచారు. “అక్కా, ఈ పొల్లు ఇంత పొడుగు తీశావేం?” అని అడిగారు. “బోర్డు మీద అలాగే ఉండేది” అంది అమ్మ. ఆయన గొంతుక్కూర్చుని ఆ తోకను చాలాసేపు చూశారు. “రేకులో అక్కడ ఒక మేకు తల లేచి ఉంది. సుత్తి లేదు. మేకు కనబడకుండా పొల్లును దాని మీదుగా లాగాను” అన్నారు. తర్వాత సంచి దగ్గరికి వెళ్లి బ్రష్షులు తీసి అరుగు మీద పరిచారు. వెనుక చట్రానికి తెచ్చిన రేకు ముక్క ఒకటి మిగిలి ఉంటే దాన్ని తుడిచి ముందు పెట్టుకున్నారు.

“కింద గీత ఏ రంగు అక్కా?”

“పగలు ఎరుపు. పచ్చ దీపం పెట్టాక నల్లగా కనబడేది” అంది అమ్మ.

అన్న ఎరుపు డబ్బా మూత తీశారు.